టెక్ సందేహాలు: వయొలిన్, పియానో కలిపి రికార్డు చేయడం ఎలా?

వయొలిన్, పియానో జంటగా వాయించే సొనాటాలను (పాశ్చాత్య సంగీతంలో కొన్ని భాగాలుగా ఉండే రచనలు) ఇంట్లోనే రికార్డు చేసుకోవడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు. పరీక్ష వీడియో పంపాల్సిన పిల్లల తల్లిదండ్రులు, విదేశాల్లో ఉన్న అక్కతోనో తమ్ముడితోనో కలిసి వాయించాలనుకునేవాళ్లు, యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవాళ్లు రాశారు. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి వయొలిన్, తన ఫ్రెండ్ పియానో. పరీక్ష కోసం బీతోవెన్ ‘స్ప్రింగ్’ సొనాటా మొదటి భాగం రికార్డు చేస్తున్నాం. ఫోన్ పియానో మీద పెట్టి తీస్తే పియానో దడదడలాడుతోంది, వయొలిన్ ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. వయొలిన్‌కి విడిగా మైక్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అప్పుడే కొనకండి. ముందు ఫోన్‌ని పియానో మీద నుంచి తీయండి. అక్కడ పెడితే చెక్క అదురు నేరుగా ఫోన్‌లోకి వెళ్తుంది. అంతకంటే పెద్ద సమస్య దూరం. పియానో తీగలకు ఫోన్ అర మీటరులో ఉండి, వయొలిన్‌కి రెండు మీటర్లలో ఉందనుకోండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇక్కడ దూరం నాలుగింతలు కాబట్టి, ఇద్దరూ ఒకే స్థాయిలో వాయించినా వయొలిన్ 12 డెసిబెల్స్ తక్కువగా పడుతుంది. ఆ లోటు అమ్మాయి వాయించడంలోది కాదు, ఫోన్ పెట్టిన చోటుది.

ఫోన్‌ని ఇద్దరికీ రెండున్నర, మూడు మీటర్ల దూరంలో, పెద్దవాళ్ల తలకంటే కాస్త ఎత్తులో స్టాండుకి బిగించండి. వయొలిన్ శబ్దం ఎక్కువగా పైపలక నుంచి పైకి లేస్తుంది కాబట్టి ఎత్తు చాలా ముఖ్యం. గ్రాండ్ పియానో అయితే అమ్మాయిని దాని వంపు దగ్గర నిలబెట్టండి. మూత తెరుచుకునే వైపే ఫోన్ కూడా ఉండాలి. అప్‌రైట్ పియానో అయితే గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి చూడండి, మోత చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. స్ప్రింగ్ సొనాటా మొదట్లో బాణీ వయొలిన్‌ది, కింద పియానో మెత్తగా అల్లుకుంటూ పోతుంది. సుమారు పది బార్ల (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాలు) తర్వాత అదే బాణీ పియానో అందుకుంటుంది, అప్పుడు వయొలిన్ తోడుగా మారుతుంది. ఆ ఇరవై బార్లు మాత్రమే రికార్డు చేసి వినండి. పియానో బాణీ అందుకున్నాక కూడా మీ చెవి వయొలిన్ వెంటే పోతోందంటే మైక్ వయొలిన్‌కి ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు. మొదటి పది బార్లలోనే పియానో కుడిచేతి కదలిక బాణీని మింగేస్తుంటే, వయొలిన్‌ని ఒక అడుగు మైక్ వైపు జరపండి. మళ్లీ రికార్డు, మళ్లీ వినడం. ఈ సర్దుబాటుకి గంట పట్టినా ఫరవాలేదు.

వయొలిన్‌కి విడి మైక్ వద్దనడానికి కారణం కూడా ఇదే. మన కర్ణాటక కచేరీల్లో వయొలిన్‌కి దగ్గరగా మైకో, కాంటాక్ట్ మైకో పెట్టడం అలవాటు కాబట్టి ఇక్కడా అదే పద్ధతి తోస్తుంది. కానీ ఈ సొనాటాల్లో ఒకరు ప్రధానం, మరొకరు పక్కవాద్యం అన్న లెక్క లేదు. మోజార్ట్, బీతోవెన్ కాలంలో ఇలాంటి సొనాటాలు అచ్చేసేటప్పుడు అట్ట మీద పియానో పేరే ముందు వేసేవారు. ఇద్దరి మధ్య తూకం గదిలోనే కుదరాలి. సాఫ్ట్‌వేర్‌లో తర్వాత సరిచేద్దామంటే, రెండు వాయిద్యాలూ ఒకదాని మైక్‌లోకి మరొకటి చొరబడి ఉంటాయి కాబట్టి ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది.

ఇంతా చేశాక ఫోన్ చాలదనిపిస్తే అప్పుడు రెండు మైకులున్న హ్యాండీ రికార్డర్ ఒకటి తీసుకోండి. పై స్థానంలోనే దాన్ని పెట్టి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్ ఎంచుకోండి. అతి గట్టిగా వాయించే చోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఆటో లెవెల్ ఆపేయడం మరిచిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే మెల్లగా వాయించిన చోటల్లా శబ్దం దానంతటదే పెరిగిపోయి, పిల్లలు నెలల తరబడి సాధన చేసిన మెత్తదనం మొత్తం చదునైపోతుంది. 32 బిట్ ఫ్లోట్ మోడల్స్‌లో లెవెల్ గురించి టెన్షన్ ఉండదు కానీ, మైక్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు అవి కూడా జవాబు చెప్పవు.

పరీక్ష నిబంధనలు కూడా ఒకసారి చదవండి. బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే పెర్ఫార్మెన్స్ గ్రేడ్స్ లాంటి వాటికి ప్రోగ్రాం మొత్తం ఆపకుండా ఒకే వీడియోగా ఇవ్వాలి. అతుకులు పనికిరావు.

ప్రశ్న: మా దగ్గర డిజిటల్ పియానో ఉంది. దాని లైన్ అవుట్, వయొలిన్ మైక్ రెండూ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకులను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఇచ్చి రికార్డు చేశాం. శుభ్రంగానే ఉంది కానీ, ఇద్దరూ వేర్వేరు ఇళ్లలో కూర్చుని వాయించినట్టుంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టింది. పియానో శబ్దానికి దాని లోపలే తయారైన రివర్బ్ (గది మోతలా వినిపించే కృత్రిమ ప్రతిధ్వని) ఉంది, వయొలిన్‌కి మీ హాలు గోడల ప్రతిధ్వని ఉంది. ఆ రెండు గదులూ ఒకటి కావాలి. పియానోలో రివర్బ్ పూర్తిగా ఆపేయండి. వయొలిన్ వాయించే చోట పరుపులు, దుప్పట్లు, పుస్తకాల బీరువా లాంటివి ఉంటే గది మోత తగ్గుతుంది. తర్వాత రీపర్‌లోనో మీరు వాడే మరో సాఫ్ట్‌వేర్‌లోనో ఒకే రివర్బ్ పెట్టి, రెండు ట్రాకులూ దానికే పంపండి. చాలావరకు ఒకే గదిలోకి వస్తారు.

ఇంకో మాట. యూఎస్‌బీ వైరుతో మిడీ (ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న వివరాలు) కూడా పక్కనే రికార్డు చేసి ఉంచండి. పియానో శబ్దం నచ్చకపోతే, వాయించిన తీరు చెక్కుచెదరకుండా తర్వాత వేరే పియానో శబ్దానికి మార్చుకోవచ్చు. వయొలిన్ వాయించేవాళ్లు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటే మంచిది. రెండు చెవులూ మూసుకుంటే తమ వయొలిన్ తమకే సరిగ్గా వినిపించక శ్రుతి తప్పే ప్రమాదం ఉంది.

ప్రశ్న: అక్క డాలస్‌లో పియానో వాయిస్తుంది, నేను విశాఖలో వయొలిన్. సెజార్ ఫ్రాంక్ రాసిన వయొలిన్ సొనాటా ఆన్‌లైన్‌లో లైవ్‌గా కలిసి వాయించి రికార్డు చేయాలని ఉంది. వీడియో కాల్‌లో ఎంత ప్రయత్నించినా కలవడం లేదు. ఏ యాప్ వాడాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఏ యాప్‌తోనూ కుదరదు, ఎందుకో చెబుతాను. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. మీ ఇద్దరి మధ్య దూరం దాదాపు 14 వేల కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా వేసి ఉన్నా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు కావాలి. అసలు దారి అంతకంటే చాలా వంకరటింకర. సంగీతకారులు ఇబ్బంది లేకుండా కలిసి వాయించగలిగే ఆలస్యం సుమారు 25, 30 మిల్లీసెకన్లే. జామ్యులస్, సోనోబస్, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన జాక్‌ట్రిప్ మంచి సాఫ్ట్‌వేర్లే. అయితే అవి ఒకే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉన్నవాళ్లకు. మామూలు వీడియో కాల్ అయితే సాగదీసిన వయొలిన్ స్వరాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తుంది కూడా.

కాబట్టి విడివిడిగా రికార్డు చేసి కలపడమే మార్గం. చాలామంది పియానో ముందు పూర్తిచేసి, దాని మీద వయొలిన్ వాయిస్తారు. ఫ్రాంక్‌కి అది నప్పదు. 1886లో బెల్జియం వయొలినిస్టు యూజీన్ ఇజాయ్ పెళ్లికి ఫ్రాంక్ కానుకగా ఇచ్చిన సొనాటా ఇది. మొదటి భాగంలో వయొలిన్ ఊపిరి తీసుకున్నట్టు ఆగుతూ సాగుతుంది, పియానో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ముందే గట్టిపడిపోయిన పియానో ట్రాక్ మీద ఆ స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని మూడు విడతలు పెట్టుకోండి. మొదట మీరు వయొలిన్ భాగం ఒట్టి గైడ్‌గా రికార్డు చేసి పంపండి. వయొలిన్ ఖాళీగా ఉన్నచోట పియానో భాగాన్ని నోటితో కూనిరాగం తీసినా సరే. అక్క అది వింటూ అసలు పియానో రికార్డు చేస్తుంది. ఆ పియానో వింటూ మీరు అసలు వయొలిన్ వాయించి, గైడ్ తీసేయండి. ఓపిక ఉంటే ఈ చుట్టు మరోసారి తిరగండి. రెండోసారికి ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిపోతుంది.

ఆ ఏడాది డిసెంబరులో బ్రస్సెల్స్‌లో ఒక చిత్రకళా మ్యూజియంలో ఇజాయ్, పియానిస్టు లియోంటీన్ బోర్డ్-పెన్ కలిసి ఈ సొనాటా వాయించినప్పుడు, అక్కడ దీపాలు వెలిగించనివ్వకపోవడంతో చివరి భాగాలు చీకట్లోనే చూడకుండా వాయించారని చెబుతారు. ఒకరికొకరు కనబడకపోయినా చెవులతోనే నడిపించారు. మీకూ అదే కావాలి.

సాంకేతికంగా నాలుగు జాగ్రత్తలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దు, అవి తెచ్చే ఆలస్యం మొత్తం పాడుచేస్తుంది. వైరుదే వాడండి. అక్క ట్రాక్‌ని ఫోన్‌లో వింటూ లాప్‌టాప్‌లో రికార్డు చేయకండి. రెండు పరికరాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు. తేడా పదిలక్షల్లో 20 వంతులే అయినా పది నిమిషాలకి 12 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. వినడం, రికార్డు చేయడం ఒకే ఇంటర్‌ఫేస్‌లో చేస్తే ఈ తలనొప్పి ఉండదు. ఇద్దరూ 48 కిలోహెర్ట్జే పెట్టుకోండి. ఒకరిది 44.1 అయి, సాఫ్ట్‌వేర్ అది గమనించకుండా నడిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ మారిపోతుంది. చివరిది, అక్కని తన పియానో మీద ‘ఎ’ స్వరం పది సెకన్లు వాయించి పంపమనండి. పియానో శ్రుతి మీరు మార్చలేరు, మీ వయొలిన్‌నే దానికి కలుపుకోవాలి.

ప్రశ్న: రికార్డింగ్‌లో ఫ్యాన్ శబ్దం ఉందని ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ వాడాను. ఇప్పుడు వయొలిన్ నీళ్లలోంచి వస్తున్నట్టుంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: విల్లు తీగ మీద రాసుకునే గరగర కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలో నాయిసే. ఫ్యాన్‌తో పాటు దాన్నీ తీసేసింది. మొదటి ఫైల్‌కి వెనక్కి వెళ్లి, తగ్గింపు 6 డెసిబెల్స్ దగ్గర ఆపండి. ఇకముందు టేక్ అయ్యేదాకా ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి. మిగిలిన కొద్దిపాటి సర్‌మనే చప్పుడుని వదిలేయండి. 1940 ఏప్రిల్ 13న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో సిగెటీ వయొలిన్, బార్టోక్ పియానో వాయించిన కచేరీ రికార్డింగ్ ఉంది. అందులో బీతోవెన్ ‘క్రాయిట్జర్’ సొనాటా వినండి. పాత డిస్కుల చప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. రెండో నిమిషం నుంచి మీకది గుర్తే ఉండదు. కానీ వయొలిన్ నాదం పోతే మాత్రం తిరిగి తేలేం.

ప్రశ్న: మేం సొంతంగా వాయించిన బీతోవెన్ సొనాటా యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆయన పోయి రెండు వందల ఏళ్లు కావస్తోంది కదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బీతోవెన్ 1827లో చనిపోయారు, ఆ సంగీతం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. అయితే ఎవరైనా చేసిన రికార్డింగ్ మీద వాళ్లకు వేరే హక్కు ఉంటుంది. ఒకే స్వరాలు కాబట్టి, మీ వీడియో ఏదో కంపెనీ రికార్డింగేనని యూట్యూబ్ యంత్రం పొరబడింది. భయపడాల్సిన పని లేదు, క్లెయిమ్ రావడం వేరు, స్ట్రైక్ (ఛానెల్ మీద పడే శిక్ష లాంటి హెచ్చరిక) రావడం వేరు. స్టూడియో పేజీలో డిస్ప్యూట్ నొక్కి, రచన పబ్లిక్ డొమైన్‌లో ఉందని, వాయించింది మీ ఇద్దరేనని రాయండి. ఒరిజినల్ వేవ్ ఫైళ్లు, చెడిపోయిన టేకులతో సహా దాచి ఉంచండి. మీ మాటకు అంతకంటే మంచి రుజువు ఉండదు.

పాతకాలపు సంగీతమంతా ఉచితమే అనుకుని మాత్రం ముందుకెళ్లకండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ 1975లో పోయారు కాబట్టి ఆయన వయొలిన్ సొనాటా మీద మన దేశంలో 2035 చివరిదాకా హక్కు ఉంటుంది. ఇతర దేశాల లెక్కలు వేరు. మీ బీతోవెన్ విషయంలో డిస్ప్యూట్ పెట్టాక ఎదుటివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ వాళ్లు స్పందించకపోతే క్లెయిమ్ దానంతటదే తొలగిపోతుంది.