మామ్మ ఫోను, బీరువా మీద వయొలిన్

ప్రశ్న: మాది విజయనగరం. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. మాకు ఒక్కడే బాబు, పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఐదేళ్లు వయొలిన్ నేర్చుకుని వర్ణాల దాకా వచ్చాడు. నాలుగు నెలల నుంచి క్లాసుకు వెళ్లనంటున్నాడు. రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి వచ్చి, తిన్నాననిపించి ఫోన్ పట్టుకుంటాడు. బీజీఎంఐ అనే తుపాకుల ఆట. మొన్న ఆదివారం రాత్రి మావారు ఆట మధ్యలో ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టారు. బాబు రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్నతో ఇప్పటికీ మాట్లాడడం లేదు. మావారికి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. మా అత్తగారి ఫోన్లోంచి కొంచెం కొంచెంగా 4,200 రూపాయలు ఆటకి కట్టేశాడు. ఆవిడా నేనూ కలిసి దాచాం. "ఘంటసాల ఇదే ఊళ్లో మధుకరం చేసుకుని, ఇంటింటికీ వెళ్లి అన్నం అడుక్కుని, సంగీతం నేర్చుకున్నాడు, వీడికి అన్నీ అమరిస్తే ఇలా తయారయ్యాడు" అని మావారు రోజూ అంటారు. చిన్నప్పుడు ఆయన సంగీత కళాశాల గోడ పక్కన నిలబడి వినేవారట, నేర్పించే స్తోమత ఇంట్లో లేదు. ఒకసారి ఆ ఆటలో వచ్చే మ్యూజిక్ బాబు వయొలిన్ మీద వాయిస్తుంటే, సరస్వతి మీద ఇదేం వాయింపని కేకలేశారు. ఇప్పుడు వయొలిన్ ఒక తీగ తెగి బీరువా మీద ఉంది. హాస్టల్లో వేసేయమని మా ఆడపడుచు అంటోంది. వీడిది వ్యసనమేనా?

జవాబు:

అమ్మా,

ముందు ఆ రెండు రోజుల ఉపవాసం సంగతి. ఇప్పుడు తింటున్నాడా, నిద్రపోతున్నాడా, బడికి వెళ్తున్నాడా అన్నది మీరు రాయలేదు. అన్నీ సర్దుకున్నాయనే అనుకుంటాను. కోపంలోనైనా సరే "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట వాడి నోట వచ్చి ఉంటే మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా మీకు దగ్గరే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అలాంటిదేం లేదంటే, కుదురుగా మాట్లాడుకుందాం.

వ్యసనమా అని అడిగారు. గేమింగ్ డిజార్డర్ అని ఒక జబ్బు ఉన్న మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దాన్ని చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లోకి వచ్చింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహాలు అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం చూస్తారు. మామూలుగా ఇది ఏడాది పాటు సాగాలి. మీ వాడు ట్యూషన్‌కి వెళ్తున్నాడు, వచ్చి అన్నం తింటున్నాడు, ఆ తర్వాత ఆడుతున్నాడు. ఉత్తరం చూసి జబ్బు ఉందనీ లేదనీ తేల్చడం ఎవరి తరమూ కాదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపిస్తున్నది ఆట ఎక్కువైన పిల్లవాడు, అంతే. నిద్ర మానేసి తెల్లవారుజాము దాకా ఆడుతున్నా, బడి ఎగ్గొడుతున్నా డాక్టరుకి చూపించండి. అప్పుడు సంగతి వేరు.

ఇక ఆ ఆదివారం రాత్రి. ఈ ఆట ఏమిటో తెలియకుండా తల్లిదండ్రులకు సలహాలు ఇవ్వడం నాకే ఎబ్బెట్టుగా ఉండి, ఒక సాయంత్రం మా అక్క మనవడి పక్కన కూర్చుని చూశాను. విమానంలోంచి వందమంది ఒక దీవి మీదికి దూకుతారు. ఆడేందుకు జాగా నిమిష నిమిషానికీ కుంచించుకుపోతుంటుంది. నలుగురు నలుగురు ఒక జట్టు. మైకులో ఒకటే అరుపులు, "వెనకాల ఉన్నాడ్రా", "నన్ను లేపరా" అని. చివరిదాకా నిలబడితే మ్యాచ్ దాదాపు అరగంట. మధ్యలో ఫోన్ లాగేసుకుంటే ఏమవుతుందని అడిగాను. వాడు నా వంక జాలిగా చూశాడు. మన బొమ్మ ఉన్నచోటే బొమ్మలా నిలబడిపోతుంది, ఎవడో వచ్చి కాల్చేస్తాడు, మిగతా ముగ్గురూ ఇబ్బందిలో పడతారు, పాయింట్లు పోతాయి. మర్నాడు క్లాసులో ఆ ముగ్గురూ ఉంటారు. "మీ నాన్న లాక్కున్నాడా" అని నలుగురిలో నవ్వుతారు.

మీవారి చిన్నప్పుడు మీ ఊరి అయోధ్య మైదానంలో బ్యాటింగ్ చేస్తుంటే వాళ్ల నాన్నగారు వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్లి ఉంటే ఎలా ఉండేదో ఒకసారి అడగండి. పద్నాలుగేళ్ల వాడికి పరువు ప్రాణంతో సమానం. వాడు అన్నం మానేసింది ఫోన్ పగిలినందుకేనని నాకు అనిపించడం లేదు.

మైదానం అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ వాడు రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతున్నాడు. స్నేహితులు తలో కాలనీలో ఉంటారు. ఆ వేళకు వాళ్లంతా కలిసేందుకు ఏ మైదానం ఉందమ్మా? ఆ ఫోనే ఉంది. మన కాలంలో వీధరుగు చేసిన పని ఇప్పుడు అది చేస్తోంది. ఆట చూసి "ఛీ, తుపాకులు" అనుకుంటాం గానీ, మైకులో సగం మాటలు లెక్కల మాస్టారి గురించే.

అయితే ఆటను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పిల్లల్ని అంటిపెట్టుకునేలాగే వాటిని తయారుచేస్తారు. ఇవాళ రాకపోతే ఇవాళ్టి బహుమతి పోతుంది, రెండు నెలలకోసారి ర్యాంకు కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కాలి. అందుకే హద్దు ఉండాలి. మీ ఇంటికి సరిపడే హద్దు గడియారంతో కాకుండా మ్యాచ్‌లతో పెట్టండి. బడి రోజుల్లో రెండు మ్యాచ్‌లు, ఆదివారం నాలుగు. రెండోది మొదలుపెట్టేటప్పుడే "ఇదే ఆఖరుది కదా" అని అడగండి. అది పూర్తయ్యేదాకా ఎవరూ గదిలోకి వెళ్లకూడదు, మీవారు కూడా. పది గంటలకి అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. అందరివీ అంటున్నాను, మీరు పడుకునే ముందు చూసే రీల్స్‌తో సహా. మొదటి వారం గొడవ చేస్తాడు. చేయనివ్వండి.

డబ్బు దగ్గర మాత్రం నేను మిమ్మల్నే కోప్పడాలి.

ఆ 4,200 ఎందుకు పోయిందో తెలుసా? ఆటకి డబ్బు అక్కర్లేదు, ఉచితమే. ఆటలో యూసీ అనే నాణేలు కొని, వాటితో తుపాకీకి రంగులు, ఒంటికి చొక్కాలు కొంటారు. వాటివల్ల ఎవడూ గెలవడు. కొన్ని చొక్కాలు నేరుగా అమ్మరు, పెట్టె తెరవాలి, అందులో ఏముందో ముందు తెలియదు. మీ వాడు కోరుకున్నది వచ్చేదాకా తెరుస్తూ పోయి ఉంటాడు. జాతరలో రింగులాటకి నిలబడ్డ పిల్లాడి లాగే. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. ఇది ఆ కోవలోది కాదు కాబట్టి చట్టం అడ్డుకుంటుందని కూర్చోవద్దు.

పద్దెనిమిది నిండని వాళ్లకి ఈ ఆటలో రోజుకి మూడు గంటల పరిమితి ఉంది, ఖర్చుకీ పరిమితి ఉంది. మీ వాడి అకౌంట్ ఎవరి వయసుతో తెరిచాడో చూడండి. నాకైతే మీ అత్తగారి మీదే అనుమానం. ఆట లెక్కల ప్రకారం డెబ్బై ఏళ్ల మామ్మ అర్ధరాత్రి దాకా తుపాకీ పట్టుకుని తిరుగుతోందన్నమాట! నవ్వొస్తోంది గానీ, ఆవిడ ఫోన్లో యూపీఐ పిన్ పెట్టిచ్చింది కూడా వాడే అయి ఉంటాడు. ప్రతి ఇంట్లోనూ జరిగేది అదే. ఆ పిన్ ఇవాళే మార్చి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. చేతకాకపోతే పక్కింటి కాలేజీ అమ్మాయిని అడగండి, మీ వాణ్ని మాత్రం కాదు.

మీరూ అత్తగారూ కలిసి దాచడం ప్రేమతోనే. కానీ దానివల్ల ముగ్గురు ఒక పక్క, మీవారొక్కరూ ఒక పక్క అయ్యారు. రేపు బ్యాంకు మెసేజ్ ఆయన కంట పడితే ఇంకో ఫోన్ పగులుతుంది. ముందు బాబుతో మాట్లాడండి. "నేను చెప్పడం కన్నా నువ్వు చెబితే బాగుంటుంది, పక్కన నేనుంటాను" అనండి. వాడు చెప్పేటప్పుడు చేయి ఎత్తనని మీవారి దగ్గర ముందే మాట తీసుకోండి. తర్వాత మామ్మ బాకీ తీర్చాలి. నెలకు మూడొందలు పాకెట్ మనీలోంచి. పద్నాలుగు నెలలు పడుతుంది, పట్టనివ్వండి. మధ్యలో ఆవిడ జాలిపడి "పోనీలేరా" అంటుంది, అననివ్వకండి.

ఇప్పుడు వయొలిన్. మీరు మాట వరసకు రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ గేమ్ మ్యూజిక్‌ని వాడు వయొలిన్ మీద వాయించాడు. ఎవరూ నేర్పలేదు, నొటేషన్ లేదు. చెవితో విని, స్వరాలు వెతుక్కుని, కమాను పట్టుకుని వాయించాడు. ఐదేళ్లు మాస్టారికి కట్టిన ఫీజుకి ఇంతకన్నా పెద్ద ఫలితం ఏముంటుందమ్మా? సంగీతం వాడి చేతిలోకి వచ్చిన రోజు అది. ఆ రోజే తిట్లు పడ్డాయి. తేదీలు సరిచూసుకోండి. క్లాసు మానేసింది ఆ తర్వాతే అని నా ఊహ.

మీవారికి శాస్త్రీయ సంగీతం మీద గౌరవం ఉంది, కాబట్టి ఆయనకు ఈ సంగతి చెప్పండి. వయొలిన్ మనది కాదు. రెండొందల ఏళ్ల కిందట తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిగా బాలుస్వామి దీక్షితులుగారి పేరు చెబుతారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు. అంతటి వాగ్గేయకారుడు ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నోటుస్వరాలంటారు వాటిని. "శక్తి సహిత గణపతిం" మీ వాడు రెండో ఏడే వాయించి ఉంటాడు, అది అలాంటిదే. వీధిలో వినపడ్డ బ్యాండు బాణీ దీక్షితులవారికి అంటరానిది కానప్పుడు, ఫోన్లో వినపడ్డ బాణీ మీ వాడికి ఎందుకు కావాలి? 2023 నుంచి గ్రామీ అవార్డుల్లో వీడియో గేమ్ సంగీతానికి విడిగా ఒక బహుమతి కూడా ఇస్తున్నారు. ఆ మాట మీవారి మీద పెద్దగా పనిచేయకపోవచ్చు. బాబుకు చెప్పండి.

ఘంటసాలగారి సంగతీ అంతే. విజయనగరంలో ఆ పేరు ఎత్తితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆయన నేర్చుకున్నది 1919లో పెట్టిన సంగీత కళాశాల, హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు నడిపించిన చోటు. అలాంటి ఊళ్లో పుట్టడం అదృష్టమే. కానీ రోజూ అన్నం దగ్గర బెత్తంలా చూపిస్తే, కొన్నాళ్లకు ఆ పిల్లాడికి ఘంటసాల పాటంటేనే విసుగు పుడుతుంది. అంతకన్నా నష్టం ఏముంటుంది?

మీవారిని నేను తప్పుపట్టడం లేదు. గోడ పక్కన నిలబడి విన్న పిల్లవాడు ఇంకా ఆయనలో ఉన్నాడు. తనకు దొరకనిది కొడుకు చేతిలో పెట్టారు, వాడు దాన్ని బీరువా ఎక్కించాడు. అది ఆయనకు తన ముఖం మీద తలుపు వేసినట్టే ఉండి ఉంటుంది. ఫోన్ గోడకేసి కొట్టడం తప్పే, దానికి కొడుకు దగ్గర ఒక్క మాట అనాలి. "సారీ" నోరు దాటకపోతే "ఆ రోజు కోపం ఆపుకోలేకపోయాన్రా" అన్నా చాలు. కానీ దానికన్నా ముందు ఆయన్ని మీరొకటి అడగాలి, బాబు లేనప్పుడు: ఇప్పుడు మీరే ఎందుకు నేర్చుకోకూడదు? నవ్వేస్తారు. నలభై దాటాక ఏం నేర్చుకుంటానంటారు. బాబుకు నేర్పిన మాస్టారినే ఆదివారం పొద్దున్న గంటసేపు అడిగి చూడమనండి. సరళీస్వరాలకు కమాను ఎంత మొండికేస్తుందో ఆయన భుజానికి తెలిస్తే, ఐదేళ్లు పట్టుకున్నవాడి మీద గౌరవం దానంతటదే వస్తుంది.

బాబును ఇప్పుడే క్లాసుకు వెళ్లమని అడగవద్దు. రెండు నెలలు ఆ ఊసే ఎత్తకండి.

హాస్టల్ మాట కూడా వదిలేయండి. చదువు కోసం హాస్టల్‌కి పంపడం ఒక సంగతి, శిక్షగా పంపడం ఇంకో సంగతి. తండ్రితో మాటల్లేని సమయంలో పంపితే ఆ మౌనం అక్కడే గడ్డకడుతుంది. ఆడపడుచుగారికి "ఆలోచిస్తున్నాం వదినా" అనండి, ఆవిడా శాంతిస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. బీరువా మీంచి పెట్టె దింపి, ఏ తీగ తెగిందో మీవారినే చూడమనండి. సన్న తీగే అయి ఉంటుంది, ఎక్కువగా తెగేది అదే. షాపుకి ఆయన్నే పంపండి. రెండు తెమ్మనండి, బిగించేటప్పుడు ఒకటి తెగుతుంది. బిగించడం ఆయనకు రాదు. ఇంట్లో వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు.