కొండ వెనక పడిందని రాయకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మేడ మీద నుంచి పెద్ద ఉల్కను చూశావనీ, రిపోర్టు పంపబోతున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! ఇవాళ రాత్రే స్నేహితురాళ్ళతో స్కూటీల మీద మంగళగిరి కొండ అవతలకి రాయి వెతకడానికి పోతున్నావని కూడా చెప్పాడు. అక్కడే నాకు బీపీ పెరిగింది. వాట్సాప్‌లో ఇంత పొడుగు రాశానని విసుక్కోకు.

టైము నిమిషంతో సహా వెయ్యి. ఎన్ని సెకన్లు కనిపించింది, రంగేమిటి, ముక్కలైందా, ఇవన్నీ అంతర్జాతీయ ఉల్కా సంస్థ వాళ్ళ ఆన్‌లైన్ ఫారంలోనే అడుగుతారు. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పు.

దిక్కూ ఎత్తూ మాత్రం సోఫాలో కూర్చుని ఊహించకు. నిలబడ్డ చోటికే మళ్ళీ వెళ్ళి, ఏ వాటర్ ట్యాంకు పక్కన మొదలైంది, ఏ టవరు దగ్గర ఆరిపోయింది చూసుకుని ఫోన్లో దిక్సూచితో కొలుచుకో. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. బెజవాడలో ధ్రువ నక్షత్రం పదహారున్నర డిగ్రీల ఎత్తులో ఉంటుంది, దానితో సరిచూసుకో. పైకి చూస్తూ వెనక్కి అడుగులు వెయ్యకు తల్లీ, మీ మేడకి పిట్టగోడ మోకాలెత్తే.

ఇక కొండ సంగతి. మీ నాన్న ఇంటర్ చదివేటప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద నుంచి ఇలాంటిదే చూశాడు. పడమటి వైపు కిందికి జారి ఆరిపోయింది. కొండవీడు వెనకే పడిందని ఒట్టేశాడు. టీ బడ్డీ దగ్గర ఎవడో చప్పుడు కూడా విన్నానన్నాడు. తెల్లారేసరికి మీ నాన్నకీ చప్పుడు వినిపించేసింది! ఎవరికీ చెప్పకుండా సైకిలేసుకుని పోయాడు. మీ నానమ్మ అన్నం ముట్టలేదు, గుమ్మంలోంచి కదల్లేదు. మర్నాడు మాపటికి మోకాలు చీరుకుని, సంచిలో నల్లరాయితో దిగాడు. తీరా చూస్తే అది ఏ కమ్మరి కొలిమి దగ్గరో పారేసిన ఇనుప చిట్టెం. కొట్టడానికి చెయ్యెత్తిన మీ నానమ్మే ఆ మోకాలికి పసుపు పెట్టింది.

ఉల్కలు వెలిగేది నేలకి 80, 100 కిలోమీటర్ల పైన. ఆకాశం అంచు నుంచి పిడికిలెత్తున, అంటే 10 డిగ్రీల పైన కనిపించిందంటే అది నాలుగు వందల కిలోమీటర్ల అవతల, ఏ బళ్ళారి మీదో ఉండి ఉంటుంది. కొండవీడు మధ్యలో అడ్డం వచ్చిందంతే. ఒక్కరి చూపుతో చోటు తేలదు. ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో ఇంకొకరు చూసి చెబితే, రెండు చూపులూ ఎక్కడ కలుస్తాయో లెక్కకడతారు. అందుకే మీ స్నేహితురాళ్ళు కూడా ముందే మాట్లాడేసుకోకుండా ఎవరి ఫారం వాళ్ళే నింపాలి.

చప్పుడు వింటే, వెలుగు తర్వాత ఎంతసేపటికో రాయి. శబ్దానికి కిలోమీటరుకి మూడు సెకన్లు పడుతుంది కాబట్టి అది నిమిషాల తర్వాత రావాలి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఆనక వచ్చిన తాకిడికి అద్దాలు పగిలాయి. గాయపడ్డవాళ్ళు 1,500 దాకా ఉన్నారు. ఇంకెప్పుడైనా కనిపిస్తే అద్దాల తలుపు దగ్గర మాత్రం నిలబడకు.

ఫారం పంపేముందు నాకొకసారి చూపించు. ఆ హైవే మీద రాత్రిళ్ళు లారీలు ఎలా పోతాయో నాకు తెలుసు, స్కూటీ తాళాలు మీ అమ్మకిచ్చెయ్.

మీ పెదనాన్న