ఫినిష్ లైన్ దగ్గర కాగితం టేపు

'ఆటల పోటీల్లో మన కెమెరా మొరాయిస్తే పక్కనున్న ఫొటోగ్రాఫర్లు సాయం చేస్తారా, అడగాలంటే మొహమాటంగా ఉంది' అని అడిగారు. చేస్తారు. కాకపోతే అడిగే వేళ చూసుకోవాలి.

హైదరాబాద్ మారథాన్‌కి మొదటిసారి కెమెరాతో వెళ్లిన రోజు నా సంగతి చెప్తాను. ఆగస్టు నెల, తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా. మియాపూర్ నుంచి కార్లో ఏసీ బాగా పెంచుకుని వచ్చాను. కెమెరా బయటికి తీయగానే లెన్స్ మీద పొగ కమ్మింది. చొక్కా అంచుతో తుడిస్తే మళ్లీ కమ్మింది. పరుగు మొదలవడానికి ఇరవై నిమిషాలే ఉంది, నాకు ఒకటే టెన్షన్. పక్కన మెడలో ప్రెస్ కార్డు వేసుకున్న పెద్దాయన చూసి, "తమ్మీ, అంగీతోని తుడవకు, గీతలు పడతయ్. ఫ్రిజ్‌ల కెల్లి తీసిన సీసాకు చెమట పట్టదా, గట్లనే ఇది. లెన్స్ ఇప్పకు, తేమ లోపలికి పోతది. ఊకె పట్టుకొని నిలబడు" అన్నాడు. పావుగంటకి తేటపడింది. ఇప్పుడు దిగడానికి కాస్త ముందే ఏసీ ఆపేస్తాను.

ఆ తర్వాతి ఏడు నా వంతు వచ్చింది. గచ్చిబౌలి స్టేడియంలో ఫినిష్ దగ్గర ఒకావిడ కెమెరా పట్టుకుని కంగారు పడుతోంది. భర్త 42.195 కిలోమీటర్లు పరిగెత్తి వస్తున్నాడు, ఈమె కెమెరాలో 'కార్డ్ లాక్డ్' అని వస్తోంది. మామూలుగా అయితే ఫొటోలు దాచుకునే ఎస్‌డీ కార్డు పక్కనుండే బుల్లి మీటను పైకి జరిపితే సరి. ఈమె కార్డుకి ఆ మీట ఊడిపోయింది. మెడికల్ క్యాంపులో పల్చటి కాగితం టేపు చిన్న ముక్క అడిగి తెచ్చి, మీట ఉండాల్సిన పైభాగం గాడి మీద నున్నగా అతికించాను. పని చేసింది. (ఇది ఆ పూటకే. టేపు లేచిందంటే లోపల ఇరుక్కుంటుంది.) నేను వెళ్లేసరికే ఎవరో మహానుభావుడు 'ఫార్మాట్ చేసేయండి మేడమ్' అని సలహా ఇచ్చి పోయాడట. కార్డు లాకై ఉండబట్టి బతికిపోయింది, లేకపోతే పాత ఫొటోలన్నీ గోవిందా.

మొదటి రన్నర్ గేటు దాటే క్షణంలో అడిగితే మాత్రం ఎవరూ పలకరు. అది పొగరు కాదు, ఆ ఒక్క ఫొటో కోసమే పొద్దున నాలుగింటి నుంచి నిలబడి ఉంటారు. పరుగు మొదలవకముందూ, జనం పల్చబడ్డాకా అడగండి. అవతలివాళ్లకీ కాలక్షేపమే. మీరు సాయం చేయాల్సివస్తే కెమెరా లాక్కోకండి, వాళ్ల చేతే మీటలు నొక్కించండి.

ఆవిడ ఫొటో తీసి నాకు చూపించింది. నీళ్లసీసా అడ్డొచ్చి ఆయన మొహం అస్సలు కనపడలేదు. "ఛాతీ మీద బిబ్ నంబరు కనిపిస్తోందిగా అండీ, ఆయనే" అంది.