సెట్ అయింది అంటే ఏమైంది చెల్లె?

చెల్లె,

నీ కథ నిన్న మెట్రోల అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఒకసారి, ఇంటికొచ్చినంక ఇంకోసారి చదివిన, ఆ తల్లి మస్తు బాగొచ్చింది. ఒక్క మాట కాడనే ఆగిపోతున్న, సెట్. సంబంధం సెట్ అయింది, జాబ్ సెట్ అయింది, అత్తకి కోడలికి సెట్ కాదు... ఏడు పేజీలల్ల పదకొండు సార్లు వచ్చింది, పెన్సిల్‌తోని గీసుకుంట లెక్కపెట్టిన.

మాట తప్పని కాదు, ఆటో అన్న అంటడు, మేస్త్రి అంటడు, నేనూ అంట. ఇంగ్లీషుల గూడ దానికి చాకిరీ ఎక్కువే, 1989ల వచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ రెండో ఎడిషన్ 20 వాల్యూములల్ల అన్నిటికన్నా పొడుగు ఎంట్రీ దీనిదే, అర్థాలు నాలుగు వందలు దాటినయి. సిమెంటుకీ పొద్దుకీ వాళ్లకి అదే మాట. మనకట్ల కాదు గదా, పెరుగు తోడుకుంటది, సిమెంటు గట్టిపడ్తది, ఎముక అతుక్కుంటది, పొద్దు గూకుతది.

లాడ్ బజార్ సీన్ల "లక్క గాజుల సెట్ కొన్నది, చేతికి సెట్ అయింది" అని రాసినవు. మొదటిది ఉంచు, దుకాణంల అట్లనే అడుగుతరు. రెండో దాని కాడ ఆగు. గాజులామె చెయ్యి చూసి టేపు లేకుండనే "రెండు ఆరు" అంటది, బొటనవేలు లోపలికి మడిచి వేళ్లన్నీ దగ్గరికి నొక్కుతది, గాజు ఆ ఎముక కాడ ఒక్క క్షణం ఇరుక్కుంటది, తర్వాత మణికట్టు మీదికి జారుతది. ఆ ఇరుక్కున్నప్పుడు తల్లి మొహం ఎట్లున్నదో నాకు చూడాలనిపించింది, నువ్వు చూపియ్యలే.

సంబంధం సంగతి ఇంకా ముఖ్యం. "సెట్ చేసిన వదినా" అని పెళ్లిళ్ల మధ్యవర్తి అంటే అస్సలు మార్చకు, ఆయన బతుకే ఆ మాట. కానీ ఆ పిల్ల ఒక్కతే డాబా మీద కూసొని అనుకునేటప్పుడు "కుదిరింది" అనుకుంటదా, "ఖాయం చేసిన్రు" అనుకుంటదా, "ఒప్పుకున్న" అనుకుంటదా? కుదిరింది అంటే ఎవ్వరి చెయ్యీ లేదు, ఖాయం చేసిన్రు అంటే పెద్దలు చేసిన్రు, ఒప్పుకున్న అంటే తనే. నువ్వు సెట్ అయింది అని రాసేసరికి పెళ్లి ఎవరు చేస్తున్నరో నాకు తెల్వకుండ పోయింది, నీ కథంతా దాని గురించే గదరా.

పాత్రలు మాట్లాడేటప్పుడు వచ్చినవి వదిలెయ్, మిగిలినవి చూసి ఆదివారం లోపల పంపు. మూడో పేజీ, డాబా సీన్‌తోనే మొదలుపెట్టు.

అక్క