అయాకుచో వెళ్తున్న మా అమ్మాయికి

చిన్నారీ,

నీకు పెరూలో ఉద్యోగం వచ్చిందని, అయాకుచో కొండల్లో పసిపిల్లల పోషకాహారం పని అని మీ అమ్మ చెప్పగానే నా సంతోషం ఇంతా అంతా కాదు. మనింట్లో నా తర్వాత స్పానిష్ పట్టుకున్నది నువ్వే. కానీ ఆ ఊరి పేరు వినగానే గుబులు కూడా పుట్టింది.

ఉన్ని బట్టలు, మందులు సర్దుకోవడం నీకు చెప్పక్కర్లేదు. ఊరు 2,700 మీటర్ల ఎత్తు దాటి ఉంటుంది, మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడువు. మాడ్రిడ్ ఉచ్చారణ పక్కన పెట్టు, అక్కడ ఎవరూ అలా పలకరు. పెద్దవాళ్లతో ‘ఉస్తెద్’ (మన ‘మీరు’ లాంటిది) అనే మాట్లాడు.

ఇక అసలు సంగతి. మొన్న మీ అమ్మతో "స్పానిష్ వస్తే చాలు, పెరూ అంతా తిరిగెయ్యొచ్చు" అన్నావట. ఎవరు చెప్పారే నీకు? 20 దేశాల్లో అధికార భాషే, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాషే, కాదనను. కానీ ఆ కొండల్లోకి అది ఎలా చేరిందో తెలుసుకుని వెళ్లు. మొదట్లో స్పెయిన్ మతగురువులే ఆ కొండల వాళ్ల సొంత భాష క్వెచువా నేర్చుకున్నారు. 1560లోనే ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేశారు. స్పెయిన్ పాలన మీద టుపాక్ అమారు అనే స్థానిక నాయకుడు చేసిన తిరుగుబాటును అణిచాక 1781లో జనం చేత ఆ భాష మాన్పించాలని ఉత్తర్వు వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా బడి, కోర్టు, ఆఫీసు అన్నీ స్పానిష్‌లోనే నడిచాయి. బతుకుతెరువు కోసం రాజధాని లిమా చేరినవాళ్లు పిల్లలతో క్వెచువా మానేశారు. 1975లో దాన్ని అధికార భాష చేశారు గానీ, అప్పటికే చాలా ఇళ్లలో అది ఆగిపోయింది. అయినా 2017 జనాభా లెక్కల్లో దాదాపు 38 లక్షల మంది అదే మా మాతృభాష అని రాయించుకున్నారు. నువ్వు వెళ్లేది వాళ్ల మధ్యకే.

నేను దుబాసీగా పని చేసిన రోజుల్లో ఒక కొండ ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. లిమా నుంచి వచ్చిన డాక్టరు బల్ల మీద ఫారం పెట్టుకుని అడుగుతున్నాడు. ఎదురుగా ఒకామె, వీపున రంగుల గుడ్డలో కట్టుకున్న బిడ్డ. నీళ్లు కాచి తాగిస్తున్నావా? "సీ, దొక్తోర్," అంటే అవును డాక్టరుగారూ అని. విరేచనాలు తగ్గాయా? "సీ, దొక్తోర్." మందు అయిపోయిందా? "సీ, దొక్తోర్." ఫారం నిండా టిక్కులు పడ్డాయి. ఆమె లేచి వెళ్లబోతుంటే, గుమ్మం దగ్గర నిలబడిన పెద్దకూతురు, బడి యూనిఫాంలో ఉన్న పిల్ల, లోపలికొచ్చి "మా అమ్మకి స్పానిష్ రాదండీ" అంది. ఆ పిల్ల చేత మళ్లీ మొదటి నుంచి అడిగిస్తే ఒక్క జవాబూ నిలవలేదు. విరేచనాలు తగ్గలేదు. మందు సీసా మూత కూడా తియ్యలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదమ్మా. భాష రాదని చెబితే కసురుకుంటారని చిన్నప్పటి నుంచి చూసింది, అందుకే అవునంది. ఏ భాషలో మాట్లాడితే నీకు సులువు అని ముందే అడగకపోవడం డాక్టరు చేసిన తప్పు. నువ్వు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టు. పిల్లల చేత అనువాదం చేయించకు, తల్లులు వాళ్ల ముందు అన్నీ చెప్పలేరు. జీతమిచ్చి దుబాసీని పెట్టమని మీ వాళ్లతో గట్టిగా అను.

ఇంకొకటి. 1980 నుంచి 2000 దాకా పెరూలో మావోయిస్టు గెరిల్లాలకీ ప్రభుత్వ బలగాలకీ మధ్య జరిగిన హింసలో సుమారు 69 వేల మంది చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగిందని సత్యశోధక కమిషన్ 2003లో చెప్పింది. ఆ చావుల్లో నాలుగింట మూడు వంతులు క్వెచువా లాంటి స్థానిక భాషలవాళ్లవే. అయాకుచో ప్రాంతమే అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంది. ముసలివాళ్లు కొత్తవాళ్లని నమ్మడానికి టైమ్ పడుతుంది. ఫైళ్లు త్వరగా నింపాలన్న టెన్షన్‌లో వాళ్లని తొందరపెట్టావంటే నేనే ఫోన్ చేసి తిడతాను.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. నువ్వు చేయగలవనే ఇంత చెప్తున్నాను. క్వెచువా మొదలుపెట్టు. మన తెలుగులాగే క్రియ చివరికొస్తుంది, ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేరతాయి. స్పానిష్ కంటే అదే నీకు సొంతంగా అనిపిస్తుంది. కుస్కో మాట వేరు, అయాకుచో మాట వేరు, కాబట్టి ఆ ఊరి టీచరునే పెట్టుకో. ఫీజు నేను పంపిస్తాను, మీ నాన్నని అడగకు.

లిమాలో దిగగానే ఫోన్ చెయ్యి. అక్కడ రాత్రి ఎనిమిదంటే మాకు పొద్దున్న ఆరున్నర, నేను లేచే ఉంటాను.

మీ పెద్దమ్మ