ఫ్రీ త్రోల మధ్యలో ఇంకో ఫౌల్ పడితే ముందు ఏది వేయించాలి?

కావలిలో కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసి మీరడిగింది ఇదీ: తెలుపు జట్టు కుర్రాడికి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి శిక్షగా, ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు), మొదటిది పడింది. అంతలో వాళ్ల కోచ్‌కే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన సరిగా లేనందుకు పడేది). రెండోది గాల్లో ఉండగా నీలం ఆటగాడు తెలుపు ఆటగాణ్ణి నెట్టాడు. ఇప్పుడు వరుస ఏమిటి? మన దగ్గర ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో కాబట్టి వాటి ప్రకారమే చెబుతున్నాను తమ్ముడూ.

టెక్నికల్ ఎప్పుడు పడినా దాని షాట్ వెంటనే వేయించాలి. నీలం కోచ్ చెప్పిన ఆటగాడు ఒక్కటి వేస్తాడు, రీబౌండ్ కోసం, అంటే తప్పిన బాల్ అందుకోడానికి, లైన్లో ఎవరూ నిలబడరు. తర్వాత పాత షూటరే రెండోది వేస్తాడు. అది గాల్లోకి వెళ్లాక నెట్టుడు జరిగింది గనక, బాల్ పడితే పాయింట్ ఇవ్వాల్సిందే. ఆ క్వార్టర్‌లో నీలానికి అది ఐదో టీమ్ ఫౌల్ (జట్టు ఆటగాళ్లందరి ఫౌల్స్ కలిపిన లెక్క) గానీ ఆపైది గానీ అయితే నెట్టించుకున్నవాడికి రెండు ఫ్రీ త్రోలు, లేకపోతే తెలుపుకి త్రో-ఇన్, అంటే గీత బయటి నుంచి బాల్ లోపలికి వేయడం. నెట్టింది తెలుపువాడే అయినా లెక్క ఇదే. బాల్ చేయి దాటాక ఎవరి కంట్రోలూ ఉండదు కాబట్టి, తెలుపుకి ఐదో ఫౌల్ అయితే నీలం రెండు వేస్తుంది.

టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పొకటి ఉంది. కోచ్ టెక్నికల్‌ని టీమ్ ఫౌల్స్‌లో కలిపేస్తారు. కలపకూడదు. అలా కలిపితే నాలుగో ఫౌల్‌కే ఫ్రీ త్రోలు ఇచ్చేస్తారు.

అసలు చిక్కు క్లాక్ ఆగి ఉండగా రెండు జట్లకూ ఫౌల్స్ పడినప్పుడు వస్తుంది. రెఫరీలు ముందు టేబుల్ దగ్గరికొచ్చి, ఏది ముందు, ఏది తర్వాత అన్నది కాగితం మీద రాయించాలి. శిక్షలు సమానమైతే రద్దు: టెక్నికల్‌కి టెక్నికల్, అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కి (ఆట స్ఫూర్తికి విరుద్ధమైన మొరటు ఫౌల్) అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. షాట్‌లో కొట్టినందుకు వచ్చిన రెండు ఫ్రీ త్రోలు, అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కి వచ్చే రెండూ సమానం కావు, ఎందుకంటే రెండోదానికి బాల్ కూడా వస్తుంది. అప్పుడు వరసగా రెండు జట్లూ రెండేసి వేసి, చివరి శిక్షలో ఎవరికి బాల్ ఉందో వాళ్లకి ఫ్రంట్‌కోర్ట్‌లో (వాళ్లు స్కోర్ చేయాల్సిన బుట్ట ఉన్న సగంలో) త్రో-ఇన్ ఇవ్వాలి. శిక్ష రద్దయినా ఫౌల్ పోదు. స్కోర్‌షీట్‌లో దాని పక్కన చిన్న ‘సి’ రాయాలి, ఆటగాడి ఖాతాలో అది ఉంటుంది.

తొందరపడి షూటర్ చేతికి బాల్ ఇచ్చారంటే ఆ శిక్షతో ఇక దేన్నీ రద్దు చేయలేరు. నా దృష్టిలో రెఫరీ చేసే అతి పెద్ద పొరపాటు ఇదే. జనం ఎంత అరిచినా ఆ అర నిమిషం ఆగాలి.

రీబౌండ్ లైన్లో నిలబడ్డవాళ్లు బాల్ షూటర్ చేయి దాటకముందే లోపలికి దూకితే: షాట్ పడితే పట్టించుకోరు. చివరిది తప్పితే, ఎదుటి జట్టు దూకినందుకు షాట్ మళ్లీ, షూటర్ జట్టు దూకినందుకు బాల్ అవతలివాళ్లకి. ఇద్దరూ దూకితే జంప్ బాల్ యారో, అంటే టేబుల్ మీది బాణం గుర్తు ఎవరి వైపు ఉంటే బాల్ వాళ్లకి. సిమెంటు కోర్టులో గీతలు ఎండకు వెలిసిపోయి ఉంటే ఇవేవీ కనబడవు. మ్యాచ్‌కి ముందే ఎండ్ లైన్ లోపలి అంచు నుంచి 5.8 మీటర్లు కొలిచి ఫ్రీ త్రో గీత వేయించండి, దాని పొడవు 3.6 మీటర్లు.