టెక్ సందేహాలు: ఒక్కదాన్నే స్పితికి వెళ్తున్నా, ఏ కెమెరా కొనను?

ప్రశ్న: నమస్తే సర్. నేను కాకినాడలో బ్యాంకు ఉద్యోగిని. సెప్టెంబరులో పద్దెనిమిది రోజులు సెలవు పెట్టి ఒక్కదాన్నే హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్తున్నాను. సిమ్లా, కిన్నౌర్ మీదుగా బస్సుల్లో స్పితి ముఖ్య పట్టణం కాజా చేరి, మనాలి వైపు దిగి తిరిగి రావాలని ప్లాన్. సామానంతా వీపు మీద మోసే ఒక్క బ్యాగులోనే. ఫోను కొని మూడేళ్లయింది, పగలు ఫొటోలు బాగానే వస్తాయి. అక్కడి ఆకాశంలో పాలపుంతను తీయాలని, నేను కూడా కనిపించే మంచి ఫొటోలు నాలుగైనా ఉండాలని కోరిక. బడ్జెట్ 35 వేలు, మరీ తప్పదంటే 40. ఆఫీసులో ఒకాయన లెన్సు మార్చుకునే పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనమంటున్నారు. మా తమ్ముడేమో ఆన్‌లైన్‌లో ఏడు వేలకే 4కె కెమెరా చూపిస్తున్నాడు. ఎవరి మాట వినను?

జవాబు: ముందు తమ్ముడి సంగతి తేల్చేద్దాం. ఊరూ పేరూ లేని బ్రాండ్ల మీద వచ్చే ‘48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్’ కెమెరాల్లో ఉండేది చవక ఫోన్లలో వాడే బుల్లి సెన్సరే (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు). అది పట్టిన చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీసి 48 చేస్తుంది. జూమ్ కూడా డిజిటలే, అంటే ఫొటో మధ్య ముక్క కోసి పెద్దది చేయడం. ఆ పని మీ ఫోనే ఇంతకంటే బాగా చేస్తుంది. మెగాపిక్సెళ్ల మోజు ఉంటే ఒక్కసారి లెక్క చూడండి: 8×12 అంగుళాల ప్రింటు వేయించడానికి, అంగుళానికి 300 చుక్కల చొప్పున, తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా పట్టవు. 4కె టీవీ తెర మొత్తం కలిపినా దాదాపు 83 లక్షల పిక్సెళ్లే.

ఇక ఆఫీసాయన. ఆయన చెప్పింది తప్పు కాదు, కాకపోతే బ్యాగు మోసేది ఆయన కాదు. మన దగ్గర ఎక్కువమంది మొదట కొనే క్యానన్ 1500డీ తీసుకుంటే, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో కలిపి దాదాపు 700 గ్రాములు. దాని బ్యాటరీని బయటికి తీసి గోడ ప్లగ్గు ఛార్జర్‌లో పెట్టాల్సిందే, కెమెరాను నేరుగా పవర్ బ్యాంకుకు తగిలిస్తే ఛార్జ్ కాదు. స్పితి హోంస్టేల్లో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, అది బ్యాగులోనే ఉండిపోవడం. కిన్నౌర్‌లోని రికాంగ్ పియో నుంచి కాజా వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, మలుపు తిరగ్గానే కనిపించే దృశ్యం మీరు జిప్పు తీసే దాకా ఆగదు.

మరి ఫోనే చాలదా? పగటి పూట చాలావరకు చాలు. ఎండా నీడా కలిసిన చోట నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేయడంలో ఫోన్లు కెమెరాలకంటే ముందున్నాయి. నాలాంటి పాతకాలపు కెమెరా పిచ్చివాడు కూడా ఒప్పుకోక తప్పని సంగతి ఇది. అయినా ఒంటరి ప్రయాణంలో విడిగా కెమెరా ఉండాలంటాను. అక్కడ మీ మ్యాపు ఫోనే, పర్సు ఫోనే, బస్సు టైములు, హోంస్టే నంబరు, ఇంటికి ‘చేరాను’ అని చెప్పేదీ ఫోనే. పక్కన ఇంకొకరు ఉంటే వాళ్ల ఫోనుంటుంది, మీకు ఆ దన్ను లేదు. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ, చలికి నీరసిస్తూ ఉండే ఆ బ్యాటరీ మీద రోజుకు రెండు వందల ఫొటోలూ వీడియోలూ పెట్టకండి. జారి లోయలో పడే అవకాశం కూడా ఫోనుకంటే కెమెరాకు ఇస్తేనే మేలు.

మీ పనికి సరిపడేది నా లెక్కలో ఒక అంగుళం సెన్సరున్న జేబు కెమెరా, అదీ సెకండ్ హ్యాండ్‌లో. అంగుళం అన్న మాటను నమ్మి స్కేలు తీయకండి. పాతకాలపు వీడియో కెమెరాల గాజు గొట్టాల కొలతల నుంచి అంటుకొచ్చిన పేరది. నిజానికి ఆ సెన్సర్ 13.2×8.8 మిల్లీమీటర్లే. అయినా మామూలు చిన్న కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్‌తో పోలిస్తే వైశాల్యం నాలుగింతలు. మీ బడ్జెట్‌లో కొత్తగా షోరూముల్లో దొరికేవి దాదాపు అన్నీ ఆ 1/2.3 రకమే, అందుకే పాతది చూడమంటున్నాను.

మోడల్ పేరు చెప్పమంటే సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3. 2014లో వచ్చింది. 20 మెగాపిక్సెళ్లు, బ్యాటరీతో కలిపి 290 గ్రాములు, లెన్సు 24 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్ (అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి), వెలుతురు రంధ్రం ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). తెర పైకి పూర్తిగా తిరిగి మీ వైపు చూస్తుంది, కాబట్టి రాయి మీద కెమెరా పెట్టి టైమర్ నొక్కి మీ ఫొటో మీరే తీసుకోవచ్చు. ఇదే వరుసలో మొదటిదీ రెండోదీ ఇంకా చవగ్గా దొరుకుతాయి గానీ వాటి తెర అలా తిరగదు, ఒంటరి ప్రయాణంలో అది పెద్ద లోటు. ఫోను ఛార్జర్‌తోనో పవర్ బ్యాంకుతోనో నేరుగా ఛార్జ్ అవుతుంది, కాకపోతే పాత మైక్రో యూఎస్‌బీ వైరు కావాలి. ఇంట్లో ఏ డ్రాయరులోనో పడి ఉంటుంది, ఇప్పుడే వెతికి పెట్టుకోండి. లోపాలూ చెప్పాలి: 4కె వీడియో లేదు, ఆ సదుపాయం నాలుగో మార్క్ నుంచే. జూమ్ తక్కువ, ఎదుటి కొండ మీది ఐబెక్స్ మేక చీమంత కనిపిస్తుంది. జంతువులే ముఖ్యమైతే 25 నుంచి 250 మిల్లీమీటర్ల లెన్సున్న ప్యానసోనిక్ టీజెడ్100 వెతకండి, దానికి సెల్ఫీ తెర ఉండదు మరి.

క్యానన్ జీ7ఎక్స్ మార్క్ 2 కూడా ఈ తూకంలో మంచిదే. కానీ సోషల్ మీడియాలో కుర్రకారు ఎగబడటంతో పాతవాటికీ రేటు పెరిగిపోయింది. ఫ్యాషన్‌కు కట్టే డబ్బు మీ బస్సు ఖర్చులకు ఉంచుకోండి.

ఇంకో దారి సోనీ ఏ5100, లెన్సు మార్చుకునే రకం. సెన్సర్ ఇంకా పెద్దది, అంగుళం దానికి మూడింతలు. దీని తెరా పైకి తిరుగుతుంది, 16-50 కిట్ లెన్సుతో కలిపి 400 గ్రాములే. పెద్ద సెన్సర్ కదా, రాత్రి ఫొటోలు దీంట్లోనే బాగా వస్తాయనుకుంటారు చాలామంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ కిట్ లెన్సు ఎఫ్/3.5 దాకానే తెరుచుకుంటుంది. ఆర్‌ఎక్స్100లోని ఎఫ్/1.8 లెన్సు దానికి దాదాపు నాలుగింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. సెన్సర్ మూడింతలు, వెలుతురు నాలుగో వంతు: కిట్ లెన్సుతో ఉన్నంతసేపూ రెండూ సరికి సరి. మరో మంచి లెన్సు కొంటేనే ఏ5100 ముందుకెళ్తుంది, అప్పుడు బడ్జెట్ దాటుతుంది. పైగా స్పితి రోడ్ల దుమ్ములో లెన్సు మార్చడం సెన్సర్‌కు మట్టి పూయడమే.

పాతది కొనేటప్పుడు మనం కోస్తావాళ్లం ఒకటి గుర్తుంచుకోవాలి, లెన్సు బూజు. మా ఇంట్లో బీరువాలో రెండేళ్లు పడుకోబెట్టిన ఒక లెన్సు లోపల సాలెగూడు లాంటి తీగలు అల్లుకుని, చివరికి పేపర్‌వెయిట్‌గా మిగిలింది. అందుకే ఫోను టార్చి లెన్సులోకి ఏటవాలుగా కొట్టి చూడండి, తీగలు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. తర్వాత ఎఫ్/11 పెట్టి తెల్ల గోడను ఫొటో తీసి పెద్దది చేయండి. నల్లటి మచ్చలుంటే లోపల దుమ్ము చేరినట్టు, లెన్సు ఊడిరాని కెమెరాలో దాన్ని శుభ్రం చేయించడం ఖర్చుతో కూడిన పని. పదిసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ లెన్సు బయటికొచ్చేటప్పుడు గరగరమంటుందేమో వినండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. వైఫైతో మీ ఫోనుకు కలుస్తుందో లేదో అక్కడే తేల్చుకోండి, పాత మోడళ్లకు యాప్‌లతో పేచీలుంటాయి. ఫొటోలు మాత్రమే చూసి ఆన్‌లైన్‌లో ముందే డబ్బు పంపొద్దు. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠీ వైపు పాత కెమెరాల దుకాణాల్లో నాలుగు చేత్తో పట్టుకుని చూసి, ఆ తర్వాతే బేరం మొదలెట్టండి. కెమెరాకు మొత్తం డబ్బు పెట్టేయకుండా రెండు అదనపు బ్యాటరీలకు, జానెడు ట్రైపాడ్‌కు మిగుల్చుకోండి.

పాలపుంత గురించి. దానికి కెమెరాకంటే ముందు కావాల్సింది పంచాంగం. గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య చూసి, ఆ రెండు మూడు రోజులూ కాజా చుట్టుపక్కల ఉండేలా సెలవు పెట్టండి. పున్నమి వెన్నెల్లో ఎంత ఖరీదైన కెమెరా అయినా పాలపుంతను సరిగా పట్టలేదు. సెప్టెంబరులో చీకటి పడ్డాక నైరుతి వైపు చూడండి. జూమ్ పూర్తిగా వెనక్కి, అంటే 24 దగ్గర, ఎఫ్/1.8, ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే చురుకు) 3200, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 20 సెకన్లు, ఫోకస్ మాన్యువల్‌లో అనంతానికి, రెండు సెకన్ల టైమర్. 20 సెకన్లు దాటిస్తే భూమి తిరుగుడుకు చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగించి సెకన్లు తెలుసుకోవడం ఫొటోగ్రాఫర్ల బండ లెక్క.

రాత్రి బ్యాటరీలను కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. చలికి అయిపోయినట్టు చూపించిన బ్యాటరీ కాస్త వెచ్చబడితే మళ్లీ కొన్ని ఫొటోలిస్తుంది. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్‌లో వేసి మూయండి, లేకపోతే లెన్సు మీద చెమ్మ పడుతుంది. అదే కవరు పగలు దుమ్ముకూ అక్కరకొస్తుంది. అన్నట్టు, క్రీ.శ. 996లో కట్టిన స్పితిలోని టాబో బౌద్ధ ఆరామంలో గోడల మీది చిత్రాలు అద్భుతం, కానీ లోపల ఫొటోలు తీయనివ్వరు. అక్కడ కెమెరా మూసేసి కళ్లతోనే చూడండి.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. కెమెరా అక్కడినుంచి తెప్పిస్తే చవకా? జపాన్ నుంచి పాతవి కూడా బాగా తక్కువకు కనిపిస్తున్నాయి.

జవాబు: కొత్తదైతే వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో అడగండి, కెమెరాల వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం. పార్సిల్‌లో వస్తే కస్టమ్స్ సుంకం కూడా కలుపుకోవాలి, అప్పుడు తేడా కరిగిపోతుంది. అమెరికా మోడళ్లలో కొన్ని వీడియోను సెకనుకు 30 లేదా 60 ఫ్రేముల్లోనే తీస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద వీడియో మిణుకుమిణుకుమంటుంది, షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే తగ్గుతుంది. జపాన్‌వి నిజంగానే శుభ్రంగా ఉంటాయి. కానీ అక్కడి మార్కెట్ కోసం చేసిన సోనీ కెమెరాల్లో మెనూ చాలావాటికి జపనీస్ ఒక్కటే. ఇంగ్లిష్ మెనూ ఫొటో పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి.

ప్రశ్న: ట్రెక్‌లో లాప్‌టాప్ ఉండదు. ఫొటోలు ఎక్కడ దాచాలి? ఒక్కటే 256 జీబీ కార్డు కొంటే సరిపోతుందా? పవర్ బ్యాంకు విమానంలో తీసుకెళ్లనిస్తారా?

జవాబు: ఒక్క పెద్ద కార్డు వద్దు, 64 జీబీవి రెండు కొనండి. ఒకటి పోయినా సగం ప్రయాణం మిగులుతుంది. 20 మెగాపిక్సెళ్ల జేపెగ్‌లు ఒక్కో కార్డులో ఏడెనిమిది వేలు పడతాయి, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫార్మాట్ అయితే మూడు వేల దాకా. 4కె వీడియో లెక్క వేరు, సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతలో గంటకు 45 జీబీ మింగుతుంది. కార్డు మీద వీడియో రాసే వేగాన్ని చెప్పే వీ30 గుర్తు ఉందో లేదో చూడండి. నకిలీలు చాలా ఉన్నాయి, 64 అని రాసి లోపల ఎనిమిదే ఉంటుంది, నిండాక పాతవాటి మీదే రాసేస్తుంది. అందుకే కొన్న రోజే పెద్ద ఫైళ్లతో పూర్తిగా నింపి, అన్నీ తిరిగి తెరుచుకుంటున్నాయో చూడాలి. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఈ పని దానంతట అదే చేస్తుంది.

పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచీలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో కుదరదు. పరిమితి 100 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్‌ది 74 అవుతుంది, ఇబ్బంది లేదు.

కొండల్లో నెట్ అంతంత మాత్రం, క్లౌడ్‌ను నమ్ముకోవద్దు. టైప్-సీ కార్డు రీడరు ఒకటి, ఫోనుకు తగిలే పెన్‌డ్రైవ్ లేదా చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి తీసుకెళ్లండి. రాత్రి పడుకునేముందు ఆ రోజు ఫొటోలు కాపీ చేసి, కార్డు ఒక జేబులో, డ్రైవ్ ఇంకో సంచీలో పెట్టండి. కాపీ అయింది కదా అని కార్డు మాత్రం ఖాళీ చేయొద్దు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో అన్నీ తెరిచి చూశాకే.